రంగు వేసిన స్తంభం

జగిత్యాల దాటి కోరుట్ల రోడ్డు మీద కొంత దూరం పోతే ఎడమ పక్కన మా వర్క్‌షాపు ఉంటుంది. గ్రానైటు కోసే ఫ్యాక్టరీలకు, రైసుమిల్లులకు క్రేన్లు చేసి బిగిస్తాం. మా సేటు ఒకప్పుడు గల్ఫ్‌లో వెల్డరు. నేను అక్కడే, వేరే కంపెనీలో, క్రేన్లు బిగించే గుంపులో చాలా ఏళ్లు పనిచేసి వచ్చినవాణ్ని. ఇక్కడ అందరూ నన్ను మేస్త్రి అంటారు. క్రేన్ సామాను లారీ దిగినప్పటి నుంచి, అది పట్టాల మీద నిలబడి బరువు ఎత్తి చూపించేదాకా మనుషులను నడిపించడం నా పని.

ఆ యేడు మాకు మొదటిసారి పెద్ద ఆర్డరు వచ్చింది. ఒకే షెడ్డులో మూడు క్రేన్లు. కొనేవాళ్లు ఒక షరతు పెట్టారు. పని మొత్తానికి జవాబుదారీగా సీనియర్ ప్రాజెక్ట్ ఇంజనీరు ఒకరు మా దగ్గర ఉండాలి. ప్రతి కాగితం మీద ఆయన సంతకం ఉండాలి. ఆయన ఇంతకుముందు ఎక్కడెక్కడ చేశాడో వాళ్లు విచారించుకుంటారు.

"సంతకం పెట్టేటోళ్లు మస్తు దొరుకుతరు. నాకు పని ఎరికైనోడు కావాలె" అన్నాడు సేటు. "ఇంటర్వ్యూల నా పక్కకు కూసో మేస్త్రీ. నాకు ఇంగ్లీషు సగమే వస్తది, గా సగం కూడ తిట్లే."

నన్ను కూర్చోబెట్టడానికి కారణం ఉంది. నేను చదివింది ఏడో తరగతే. మా నాయిన కల్లు గీసేవాడు. ఒకరోజు చెట్టు మీద నుంచి పడి నడుము పోయింది. మా అమ్మ నన్ను చెట్టెక్కనని ఒట్టు వేయించుకుంది. చెట్టెక్కనివాడికి మా ఇంట్లో పగటిపూట చేసే పని లేదు. అట్లా కోరుట్ల లైబ్రరీలో కూర్చోవడం అలవాటైంది. ముందు పేపర్లు, తరువాత కథలు, అవి అయిపోయాక ఎవరూ ముట్టని బీరువా. అందులో యంత్రాల గురించి, బరువుల గురించి తెలుగులో రాసిన పాత పుస్తకాలు ఉండేవి. ఒక పుస్తకం వెనక అంటించిన చీటీలో మొదటి తేదీ ముద్ర నా పేరు మీదే పడింది. అంతకుముందు ఏ మనిషీ దాన్ని ఇంటికి తీసుకుపోలేదు. కప్పీ ఎట్లా పనిచేస్తుందో, బరువు మధ్యలో ఉంటే దూలం ఎంత వంగుతుందో నాకు ఏ మాస్టరూ చెప్పలేదు. నాకు నేను చదువుకున్నాను. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. ఆ గర్వం ఏం చేసిందో కూడా రాయడానికే కూర్చున్నాను.

ఇంటర్వ్యూకు ముగ్గురు వచ్చారు. మొదటాయన హైదరాబాద్ నుంచి. కుర్చీలో సరిగా కూర్చోకముందే జగిత్యాలలో మంచి స్కూలు ఏది అని అడిగాడు. రెండో అబ్బాయి కంప్యూటర్ తెరిచి క్రేన్ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూపించాడు. బొమ్మ చాలా బాగుంది.

"తిప్పుడు మంచిగనే ఉన్నది తమ్మీ" అన్నాడు సేటు. "ఎన్నడన్న దాని కింద నిలబడ్డవా?"

"లేదు సర్."

"నిలబడకు. గదే మొదటి పాఠం."

మూడో ఆయన గేటు దగ్గర కనబడగానే నా చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఎడమ భుజం కొంచెం వంచి నడిచే మనిషి. ఫైలును వానకు తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. జుట్టు సగం నెరిసింది. పన్నెండేళ్లయినా నడక మారలేదు.

ఆయనా నన్ను గుర్తుపట్టాడు. గడపలో ఒక్క క్షణం ఆగాడు. తరువాత సేటుకు, నాకు ఒకే తీరుగా నమస్కారం పెట్టి కూర్చున్నాడు.

ఆయనది సిరిసిల్ల. నాయిన సాంచాలు నడిపేవాడు, అంటే కరెంటు మగ్గాలు. సిరిసిల్లలో పని పడిపోయినప్పుడు భీవండి పోయాడు, అక్కడా పడిపోతే తిరిగి వచ్చాడు. కొడుకును మాత్రం సాంచా ముట్టనీయకుండా పాలిటెక్నిక్, తరువాత ఇంజనీరింగ్ చదివించాడు. ఆ కొడుకు గల్ఫ్ పోయిన మొదటి సైటులోనే నేనూ, మా బావా క్రేన్లు బిగించాం. ఇవన్నీ ఆయన చెప్పకముందే నాకు తెలుసు. అయినా కొత్తగా వింటున్నట్టు కూర్చున్నాను.

సేటు నన్ను అడగమన్నాడు. నేను ముందే అనుకున్న ప్రశ్న అడిగాను. "రెండు పట్టాల నడుమ దూరం పొద్దుగాల కొలిస్తే ఒకటి వస్తది, మిట్టమధ్యాహ్నం కొలిస్తే ఇంకోటి వస్తది. మీరు ఏది రాస్తరు సార్?"

"రెండూ రాస్త. ఏ టైముకు కొలిచిన్నో అది సుత రాస్త" అన్నాడాయన. "ఎండకు ఇనుము సాగుతది. టైము రాయకుంటె రెండూ అబద్ధాలే."

సేటు నా వైపు చూసి తలూపాడు. ఇంకో అరగంట అడిగాం. లారీ ఆలస్యమైతే ఏం చేస్తారు, షెడ్డు కట్టేవాడు స్తంభాలు వంకరగా నిలబెడితే ఎవరితో ఏం మాట్లాడతారు, పనివాళ్లు పండక్కి పోతామంటే ఎట్లా. అన్నింటికీ నిదానంగా జవాబిచ్చాడు, తెలియనివాటికి తెలియదని చెప్పాడు. నాకు లోపల సంతోషమూ, భయమూ ఒక్కటిగా పెరుగుతున్నాయి. ఫైలులో చివరి కాగితం ఏమై ఉంటుందో నాకు తెలుసు.

సేటు ఆ కాగితం తీసి చాలాసేపు చూశాడు. గల్ఫ్ కంపెనీ ఆయనను పంపించేసినప్పుడు ఇచ్చిన ఉత్తరం.

"గిదేంది సార్? మనిషి చచ్చిపోయిండా?"

"అవును. నేనున్నప్పుడే. ఎత్తు మీదకెల్లి పడ్డడు. ఎక్కుమని అనుమతి ఇచ్చింది నేనే."

"గీ కాయితం పెట్టకుంటె మాకు తెలవకపోవు గద?"

"తరువాత తెలిస్తె మీకు ఇంకా కష్టం."

సేటు కుర్చీలో వెనక్కి వాలాడు. "మేస్త్రీ, నువ్వు గా కంపెనీలనే చేసినవు గద. సారు నీకు ఎరికేనా?"

ఆ గదిలో సీలింగు ఫ్యాను ఒకటి కిర్రుమంటూ తిరుగుతోంది. నాకు ఆ చప్పుడు వినబడటం మానేసింది. వేరే చప్పుడు వినబడింది. అది నాకు పన్నెండేళ్లుగా తెలిసిన చప్పుడు. తడి చేత్తో గాజు అద్దాన్ని గట్టిగా తుడిస్తే వస్తుందే, అది.

"ఎరికే" అన్నాను. "మంచి సారు."

అంతే అన్నాను. ఇంజనీరు నా వైపు చూడలేదు.

"నాకూ మంచోడే అనిపిస్తున్నది" అన్నాడు సేటు. "కని కొనేటోళ్లు అడిగితె ఏం చెప్పాలె నేను? ఎల్లుండి సాయంత్రానికి పేరు పంపాలె. ఎల్లుండి ఫోన్ చేస్త సార్."

ఇక అసలు జరిగింది చెప్పాలి.

క్రేన్ గుంపుల్లో మా జిల్లావాళ్లంటే, అందులోనూ కల్లు గీత పని చేసిన ఇళ్లవాళ్లంటే గిరాకీ ఉండేది. ఎత్తు అంటే భయం లేదని. మా అక్క పెనిమిటి, మా బావ, మల్లాపూర్ దగ్గరి ఊళ్లో రోజుకు నలభై చెట్లు ఎక్కి దిగినవాడు. కల్లు మీద బతుకు నడవక గల్ఫ్ వచ్చాడు. నేనే పిలిపించాను. ఆయన పెట్టెలో మామిడికాయ తొక్కు డబ్బాకూ బీడీ కట్టలకూ నడుమ మోకు కూడా తెచ్చుకున్నాడు. మోకు అంటే గీత పనివాడు తనను, చెట్టును కలిపి చుట్టుకునే బలమైన తాడు. నడుము వెనక్కి వాల్చితే అది చెట్టును కరిచి పట్టుకుంటుంది. ముందుకు వంగి వదులు చేసి పైకి జరుపుకుంటూ ఎక్కుతారు. ఆ మోకు మా అక్క మామ పేనింది. నారా తోలూ కలిపి పేనడంలో ఆ ముసలాయన చేతికి పేరుండేది. ముత్యంపేట, మల్లాపూర్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా వచ్చి చేయించుకుపోయేవారు.

క్యాంపులో మోకును చూసి అందరూ నవ్వారు.

"ఇసుకల చెట్లేడివి బావా, మోకు ఎందుకు?" అన్నాను నేను.

"ఖర్జూరం చెట్లున్నయ్ గద బామ్మర్ది. గీసి చూస్త. షేకుకు రుచి మప్పుత."

మేం పనిచేసిన యార్డులో షెడ్డు స్తంభాలు గుండ్రటి ఇనుప పైపులు. బావ మొదటి రోజే ఒక స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని కొలత చూశాడు. "మన తాటిచెట్టు లెక్కనే ఉన్నది. కల్లొక్కటే తక్కువ" అన్నాడు.

క్రేన్‌కు బరువు ఎత్తి చూపించే పరీక్షకు ముందు రోజు జరిగింది ఇది. కొన్నవాళ్లు చూడటానికి వస్తున్నారు. పొద్దున పదింటికి చూస్తే, ఒక స్తంభం కొసన కరెంటు వైరును పట్టి ఉంచే క్లాంపు ఊడి వేలాడుతోంది. రెండు నిమిషాల పని. మనుషులను పైకి లేపే బండి వేరే యార్డుకు పోయింది, వచ్చేసరికి రెండు గంటలు. ఎత్తు మీద కట్టుకునే బెల్టులు కూడా ఇంకో గుంపు తీసుకుపోయింది. ఇంజనీరు ఆగుదామన్నాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు ఉంటాయేమో. చేతి గడియారం చూసుకుంటూనే ఉన్నాడు.

"రెండు నిమిషాల పనికి రెండు గంటలా సార్? నా మోకు ఉన్నది" అన్నాడు బావ.

ఇంజనీరు నా వైపు తిరిగాడు. అక్కడ నన్ను అందరూ లైబ్రరీ అని పిలిచేవారు. "మీరు చెప్పుండ్రి. గిది ఆగుతదా?"

తెలియదు అని అనొచ్చు. ఆ మాట నాకు అప్పుడు రాదు. నేను చదివిన పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. రేవులో ఒక చెక్క గుంజకు తాడు చుట్టి, ఒక్క మనిషి ఓడను ఆపుతుంటాడు. నేను ఇనుప రేకు మీది దుమ్ములో వేలితో ఆ బొమ్మ గీశాను. చుట్టిన తాడు మీద బరువు ఎంత పడితే రాపిడి అంత పెరుగుతుందని, మనిషి బరువే వాణ్ని పట్టి ఉంచుతుందని చెప్పాను. "మనోళ్లు చదువు లేకున్నా కనిపెట్టిండ్రు సార్, గదే సైన్సు" అన్నాను. అందరూ వింటున్నారు. బావ నన్ను చూసి మురిసిపోయాడు. "ఇన్నరా, నా బామ్మర్ది" అని పక్కవాడితో అన్నాడు.

"సరే. రెండు నిమిషాలు" అన్నాడు ఇంజనీరు.

రంగు వేసేవాళ్లు ఎప్పుడూ పైనుంచి మొదలు పెడతారు. ముందురోజు సాయంత్రానికి ఆ స్తంభం పై సగానికి మెరిసే పసుపు రంగు పడింది. కింది సగం ఇంకా మొదటి పూతలోనే ఉంది, ఎర్రగా, గరుకుగా. దాని మీద బావ చెట్టెక్కినట్టే ఎక్కాడు. మోకు కరిచి పట్టింది. నేను ఇంజనీరు వైపు చూసి నవ్వాను. ఆ నవ్వు నా ముఖం మీద ఉండగానే పైనుంచి ఆ చప్పుడు వచ్చింది. తడి చెయ్యి గాజును తుడిచిన చప్పుడు. పొడుగ్గా, ఆగకుండా. బావ అరవలేదు. మోకు బిగించడానికి వెనక్కి ఇంకా ఇంకా వాలుతూనే ఉన్నాడు. చెట్టు మీద కాలు జారితే చేయాల్సింది అదే. జారేకొద్దీ ఇంకా వాలాడు. పసుపు రంగు అయిపోయేచోట మోకు ఒక్కసారిగా గరుకును పట్టింది. ఆ కుదుపుకు ఆయన తలకిందులై మోకులోంచి జారి వచ్చేశాడు.

విచారణలో నన్ను అడిగారు. నేను కింద నిలబడి చూస్తున్నానని మాత్రమే చెప్పాను. ఇంజనీరు, అనుమతి తనదేనని రాసిచ్చాడు. ఇంకెవరి పేరూ రాయలేదు. వారంలో ఆయనను ఇంటికి పంపించారు. నేను ఇరవై రెండు రోజుల తరువాత బావ శవమున్న పెట్టెతో వచ్చాను.

మా అక్క ఏడ్చింది, మానింది, అన్నీ అయ్యాక మూడో రోజు నన్ను పక్కకు పిలిచి ఒక్క మాట అడిగింది. "మోకు ఉండంగ ఎట్ల పడ్డడు తమ్మీ?"

"తెగింది అక్కా" అన్నాను.

ఆ మాట ఎందుకు అన్నానో నాకు తెలుసు. జారింది అంటే ఎందుకు జారింది అంటుంది. దానికి జవాబు నేను. తెగింది అంటే అక్కడితో అయిపోతుంది అనుకున్నాను. మోకు అక్కడి పోలీసుల దగ్గర ఉందని కూడా చెప్పాను. అది నా సంచిలోనే ఉంది.

అయిపోలేదు. గోడకు ఆనుకుని కూర్చున్న ఆమె మామ ఆ మాట విన్నాడు. తను పేనిన మోకు తెగి తన కొడుకు పోయాడు. ముసలాయన ఆ తరువాత తాడు ముట్టలేదు. ఊరివాళ్లు వచ్చి అడిగితే తన రెండు చేతులూ చూపించి, "గివి మంచియి కావు" అని పంపించేవాడు. నాలుగేళ్లు బతికాడు. నేను పోయినప్పుడల్లా నన్ను కూర్చోబెట్టుకుని ఒకటే అడిగేవాడు. "ఏడ తెగింది బిడ్డా? నడుమ తెగిందా, కొసకు తెగిందా?" కొడుకు పోయాక ఆయన నన్ను బిడ్డా అనే పిలిచేవాడు. నేను ఒకసారి నడుమ అన్నాను. ఒకసారి కొసకు అన్నాను. ఆయన రెండూ నమ్మాడు.

ఊరు వచ్చిన నెలకు లైబ్రరీకి పోయి ఆ పుస్తకం తీశాను. బొమ్మ అట్లాగే ఉంది. బొమ్మలో తాడు గుంజకు మూడు చుట్లు తిరిగి ఉంది. మోకుది సగం చుట్టే. పేజీ తిప్పితే ఒక పట్టిక ఉంది. గరుకు చెక్క, నున్నటి చెక్క, ఉత్త ఇనుము, రంగు లేదా నూనె పూసిన ఇనుము. ఒక్కోదాని ఎదురుగా ఒక్కో అంకె. చివరిదాని ఎదురుగా అన్నింటికంటే చిన్న అంకె. అప్పట్లో బొమ్మ అర్థమైందన్న సంతోషంలో నేను ఆ పేజీ తిప్పలేదు. వెనక చీటీలో చూస్తే నా తరువాత ఇంకెవరి తేదీ లేదు.

ఇంటర్వ్యూ అయ్యాక ఇంజనీరు వెనకే జగిత్యాల బస్టాండుకు పోయాను. సిరిసిల్ల పోవడానికి వేములవాడ బస్సు కోసం నిలబడ్డాడు. చాయ్ తాగుదామంటే వచ్చాడు.

"అక్క మంచిగున్నదా?" అని ముందు ఆయనే అడిగాడు.

"ఉన్నది సార్. బీడీలు చేస్తది. మీరు?"

"సిరిసిల్లల ఒక కాలేజీల చెప్పిన, మూతబడ్డది. సాంచాల షెడ్లు రిపేరు చేస్తున్న. ఇద్దరు బిడ్డలు. పెద్దదానికి లెక్కలు మంచిగొస్తయ్." గ్లాసు కింద పెట్టాడు. "పన్నెండేండ్లల గిది తొమ్మిదో ఇంటర్వ్యూ. గా కాయితం దాకా అన్ని చోట్ల మంచిగనే నడుస్తది."

"నేను చెప్పిన మాట మీరు అప్పుడు ఎందుకు రాయలే సార్?"

ఆయన నన్ను వింతగా చూశాడు. ఇన్నేళ్లూ నాకు తెలిసే ఉంటుందనుకున్నాడు. "మీ పేరు రాస్తె మిమ్ముల కేసు అయ్యేదాక ఆపుతుండిరి. మీ బావ ఎంబడి ఇంటికి ఎవరు రావాలె? పెట్టె ఒక్కటే రావాలెనా?"

నేను చాయ్ పైసలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాను.

"అయినా ఆ దినం 'సరే' అన్నది నేను" అన్నాడు. "మీరు పుస్తకం చెప్పిండ్రు. నేను ఇంజనీర్ను. నాకు ఎరికుండాలె గద."

బస్సు వచ్చింది. ఎక్కాక కిటికీలోంచి, "ఉద్యోగం కోసం మీరేం చెయ్యకుండ్రి" అన్నాడు. అది కోపంతో అన్న మాట కాదు.

మర్నాడు పనికి పోలేదు. కోరుట్ల లైబ్రరీలో కూర్చుని కాగితం రాశాను. ఊళ్లో ఎంతోమందికి అర్జీలు రాసిపెట్టిన చెయ్యి నాది. దీనికి మాత్రం పొద్దంతా పట్టింది. మొదటిసారి రాసినదాంట్లో రాపిడి గురించి రెండు పేజీలు వచ్చాయి. చదువుకుంటే సిగ్గేసింది, చింపేశాను. చివరికి ఒక పేజీ మిగిలింది. ఇంజనీరు ఆగమన్నాడు, నన్ను అడిగాడు, నేను ఆగుతుందని చెప్పాను, నా మాట మీద ఆయన ఒప్పుకున్నాడు, విచారణలో నేను ఈ సంగతి దాచాను. కింద నా సంతకం.

ఆ కాగితం సేటు చేతికి పోతే మూడు రోజుల్లో మా ఊళ్లకు తెలుస్తుంది. అక్కకు ఇంకొకరు చెప్పకూడదు. ఆ మర్నాడు పొద్దున ట్రంకు పెట్టె అడుగు నుంచి మోకు తీసి సంచిలో వేసుకుని బస్సెక్కాను.

అక్క వాకిట్లో చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. "ఏంది, పని లేదా? సేటు ఎల్లగొట్టిండా?" అంది నవ్వుతూ.

"నీకొక కాయితం చదివి ఇనిపించాలె."

"నీ పుస్తకాల సంగతులు నాకెందుకురా. చదువు."

చదివాను. ఆమె వేళ్లు ఆగలేదు. ఆకు మడవడం, తంబాకు పోయడం, దారం చుట్టడం. చివరి వరుస అయ్యాక కూడా రెండు బీడీలు చుట్టింది. అప్పుడు నేను సంచిలోంచి మోకు తీసి ఆమె ముందు పెట్టాను. ఒక్క పోగు తెగలేదు. ఒక వైపు ఇంకా పసుపు రంగు అంటుకుని ఉంది.

ఆమె చాట పక్కన పెట్టి, మోకును ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో తడిమింది. నడుమ ఆగింది. కొసకు ఆగింది.

"మా మామ పేనింది గిట్ల తెగది అని నాకు ఎరికే" అంది. మోకును చుట్ట చుట్టుకుంటూ, "గాయన బతికున్నప్పుడు తెస్తె అయిపోవు గద తమ్మీ" అంది.

ఆమె లోపలికి పోయి, ముసలాయన కూర్చునే గోడకు పైన ఉన్న మేకుకు మోకును తగిలించి వచ్చింది. మళ్లీ చాట ముందర కూర్చుంది.

"గా ఇంజనీరుకు పిల్లలున్నరా?"

"ఇద్దరు బిడ్డలు."

"నువ్వు కాయితం ఇయ్యకుంటె నౌకరి రాదా?"

"రాదు."

"అయితె ఈడ కూసున్నవేంది? బస్సు పోతది" అంది. నా ముఖం చూడలేదు. అన్నం తిన్నావా అని అడగని రోజు నాకు తెలిసి అదొక్కటే.

సాయంత్రం నాలుగింటికి కాగితం సేటు టేబుల్ మీద పెట్టాను. రెండుసార్లు చదివాడు.

"మొన్న నేను అడిగినప్పుడు గిది ఎందుకు చెప్పలే?"

"భయమైంది."

"ఇప్పుడు కాలేదా?"

"ఇప్పుడు సుత అయితున్నది."

"నిన్ను తీసేస్తె?"

"మీ ఇష్టం."

ఆయన లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. బయట మా పిలగాళ్లు ఒక దూలాన్ని తిప్పుతున్నారు. "మూడు క్రేన్లున్నయ్, నిన్ను తీసేసి నేనెక్కాల్నా?" అన్నాడు. "కని ఇయాల్టి సంది ఎత్తు మీది పనికి నీ మాట చెల్లది. సారు ఎక్కుమంటె ఎక్కుడు, వద్దంటె వద్దు. నువ్వు పుస్తకం తియ్యకు."

కాగితాన్ని ఇంగ్లీషులోకి మార్పించి, ఇంజనీరు ఫైలుతో కలిపి కొనేవాళ్లకు పంపించాడు. వాళ్లు ఇంజనీరును పిలిపించుకుని గంటసేపు మాట్లాడారు. ఏం మాట్లాడారో ఆయన చెప్పలేదు. పది రోజులకు మా వర్క్‌షాపులో సీనియర్ ప్రాజెక్ట్ ఇంజనీరుగా చేరాడు. నాతో ఆ కాగితం మాట ఎత్తలేదు. థాంక్స్ అనలేదు. అనకపోవడమే నయం.

ఆ షెడ్డులో పని మొదలైన మూడో వారం, ఒకరోజు పొద్దున, స్తంభం కొసన ఒక బోల్టు బిగించకుండా మిగిలిపోయింది. మనుషులను లేపే బండి ఊళ్లోకి పోయింది. మావాళ్లలో ఒకడు, వాళ్ల నాయినదీ గీత పనే, చెప్పులు విడుస్తూ అన్నాడు. "రెండు నిమిషాల పని సార్. ఎక్కి దిగుత."

ఇంజనీరు స్తంభం దగ్గరికి పోయి రంగు మీద అరచేయి పెట్టి కిందికి జరిపాడు. నాకు ఆ చప్పుడు వినబడింది. ఆయనకూ వినబడిందని ఆయన భుజం చూస్తే తెలిసింది.

"వద్దు. బండి వచ్చేదాక అందరు కూసోండ్రి" అన్నాడు.

"రెండు గంటలైతది సార్" అన్నాడు వాడు. అని, నా వైపు చూశాడు, మేస్త్రి ఏమైనా చెబుతాడేమోనని.

నేను నేల మీద కూర్చున్నాను. నన్ను చూసి మిగిలినవాళ్లూ కూర్చున్నారు. ఎవరో బీడీ ముట్టించారు, ఎవరో క్రికెట్ మాట్లాడారు. బండి రావడానికి రెండు గంటలా పది నిమిషాలు పట్టింది. అంతసేపూ నేను ఆ స్తంభం పై సగాన్ని చూస్తూనే ఉన్నాను. అక్కడ ఎవరూ లేరు.